వయసుతో మారే సాధన: సరళీ స్వరాల నుంచి వార్ధక్యపు శ్రుతి దాకా

నయా రాయపూర్: ‘పాడగా పాడగా రాగం’ అన్న సామెత సంగీతానికి సాధన ఎంత అవసరమో చెబుతుంది గానీ, ఆ సాధన ఏ వయసులో ఎలా ఉండాలో చెప్పదు. ఎనిమిదేళ్ల బాలుడు సరళీ స్వరాలు పలికే తీరు వేరు. ఇరవయ్యేళ్ల యువతి వర్ణాన్ని మూడు కాలాల్లో వాయించే తీరు వేరు. ఎనభై ఏళ్ల విద్వాంసుడు తంబురా శ్రుతిలో ఒక్క షడ్జమం మీద నిలిచే తీరు వేరు. ఈ మూడింటినీ మనం సాధన అనే ఒకే మాటతో పిలుస్తున్నాం.

ఒకే మాట కావడంతో ఒక చిక్కు వచ్చింది. ఒక దశకు సరిపడిన అభ్యాసాన్ని తరువాతి దశలోకి యథాతథంగా మోసుకుపోయి, అది సాగక సంగీతానికే స్వస్తి చెప్పేవారు ఉన్నారు. గొంతు మారే వయసులో పాట మానేసిన బాలురు, పెళ్లి తరువాత వీణకు గుడ్డ కప్పేసిన స్త్రీలు, ఉద్యోగంలో చేరి వయొలిన్‌ను పెట్టెకే పరిమితం చేసినవారు, వేళ్లు బిగుసుకుపోయాయని కచేరీలు విరమించిన పెద్దలు మనకు తెలియనివారు కారు. జీవితకాలంలో సాధన ఏయే మలుపులు తిరుగుతుందో, ఆ మార్పుకు కారణాలేమిటో తెలిస్తే వీరిలో కొందరైనా సంగీతాన్ని వదులుకోవలసిన అవసరం ఉండదు.

ఈ ప్రశ్నను ఛత్తీస్‌గఢ్ నుంచి పరిశీలించడానికి కారణం ఉంది. సంగీతం, లలిత కళల బోధనకే ప్రత్యేకించిన ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం ఈ రాష్ట్రంలోని ఖైరాగఢ్‌లో 1956లో ఏర్పడింది. ఖైరాగఢ్ రాజదంపతులు బీరేంద్ర బహదూర్ సింగ్, పద్మావతీ దేవి తమ కుమార్తె ఇందిర పేరిట, తమ రాజప్రాసాదాన్నే ఇచ్చి దీన్ని నెలకొల్పారు. అదే రాష్ట్రంలో విశ్వవిద్యాలయం గడప తొక్కకుండా, తాతగారి గొంతు వింటూ పాండవానీ గానాన్ని అలవరచుకొని పద్మవిభూషణ్ దాకా ఎదిగిన తీజన్ బాయి కూడా ఉన్నారు. శాస్త్రీయ శిక్షణ, మౌఖిక సంప్రదాయం అనే రెండు దారులూ ఇక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. భిలాయ్ ఉక్కు కర్మాగారంలోను, రాయపూర్, బిలాస్‌పూర్ రైల్వేలలోను కొలువుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కర్ణాటక, హిందుస్తానీ సంప్రదాయాలు రెండూ ఇరుగుపొరుగువే.

బాల్యం: చెవి ముందు, చేయి తరువాత

కర్ణాటక సంగీతంలో తొలి పాఠాల క్రమాన్ని 15, 16 శతాబ్దాలకు చెందిన పురందరదాసు ఏర్పరచినట్లు సంప్రదాయం చెబుతుంది. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, ఆపైన జంట స్వరాలు, దాటు స్వరాలు, అలంకారాలు, గీతాలు, స్వరజతులు, వర్ణాలు అనే ఈ మెట్లు నేటికీ అలాగే ఉన్నాయి. ఈ రాగాన్నే తొలి పాఠానికి ఎంచుకోవడంలో ఒక సౌలభ్యం ఉంది. ఇందులో పూర్వాంగంలోని స్వరాంతరాలే ఉత్తరాంగంలోనూ పునరావృతమవుతాయి. ‘స రి గ మ’ పట్టుబడితే ‘ప ద ని స’ సగం పట్టుబడినట్లే. దగ్గర స్వరాలు, దూర స్వరాలు రెండూ ఉండటం వల్ల చెవికి తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఈ దశలో బిడ్డకు తన తప్పు తనకు వినబడదు. అందుకే బాల్యంలో సాధన అంటే గురువు ఎదుట కూర్చోవడమే. ఇంట్లో తల్లిదండ్రుల్లో ఒకరు పక్కన ఉంటే అభ్యాసం సాగుతుంది, లేకుంటే ఆటగా మారుతుంది. పది పదిహేను నిమిషాలకు మించి ధ్యాస నిలవని వయసు కాబట్టి, గంట సేపు ఒకే బిగిన కూర్చోబెట్టడం కంటే ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపు చేయించడం మేలు.

పసితనంలోనే ప్రకాశించినవారి చరిత్రలను గమనించినా వినికిడికి దక్కిన ప్రాధాన్యమే కనిపిస్తుంది. తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ సంగీతజ్ఞుల ఇంట పుట్టి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యరికంలో పెరిగి, ఎనిమిదేళ్ల ప్రాయంలో విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో పూర్తి కచేరీ చేశారు. పాలకొల్లులో 1969లో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్ ఉదంతం మరింత విశేషమైనది. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు విన్నదాన్ని తంత్రుల మీద తానే వెతికి పట్టుకునేవాడు. చేతి కదలికలను అనుకరించే అవకాశమే లేనందున, నాదాన్ని మనసులో నిలుపుకొని దానికి తగిన దారిని వేళ్లతో కనిపెట్టడమే ఆ బాలుడి సాధన అయింది. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసే నాటికి శ్రీనివాస్‌కు తొమ్మిదేళ్లు.

తీజన్ బాయి శిక్షణ కూడా చెవితోనే మొదలైంది. భిలాయ్‌కి చేరువలోని గనియారి గ్రామంలో పుట్టిన ఆమె, మాతామహుడు బ్రిజ్‌లాల్ పార్ధీ పాడే భారతగాథను వింటూ కంఠస్థం చేశారు. పదమూడేళ్ల వయసులో తొలిసారి ప్రేక్షకుల ముందు నిలిచారు. స్త్రీలు కూర్చుని పాడే వేదమతి శైలికే పరిమితమైన కాలంలో, నిలబడి అభినయిస్తూ పాడే కాపాలిక శైలిని ఆమె చేపట్టారు. స్వరలిపి, పుస్తకం, నిర్ణీత పాఠ్యక్రమం లేని చోట సాధన అంటే వినడం, మననం చేయడం, సభలో చెప్పి చూసుకోవడమే.

కౌమారం: గంటలు పెరిగే కాలం

పన్నెండు, పదమూడేళ్ల తరువాత అభ్యాసానికి బాధ్యత గురువు నుంచి శిష్యుడికి బదిలీ అవుతుంది. తన తప్పు తనకు వినబడటం మొదలవుతుంది. అది వినబడిన నాటి నుంచి గంటలు పెరుగుతాయి. సంగీతాన్ని వృత్తిగా స్వీకరించేదీ, పక్కన పెట్టేసేదీ చాలావరకు ఈ వయసులోనే.

గాయకులైన బాలురకు ఇది కష్టకాలం. స్వరపేటిక పెరిగి, నాదతంత్రులు పొడవు, మందం సంతరించుకునే నెలల్లో గొంతు అదుపు తప్పుతుంది. నిన్నటి దాకా అలవోకగా పలికిన తారస్థాయి షడ్జమం నేడు చీలిపోతుంది. ఆ కొద్దికాలం గొంతును ఒత్తిడి చేయకుండా, మధ్యస్థాయిలో తక్కువసేపు పాడుతూ, మిగిలిన సమయాన్ని తాళజ్ఞానానికో వాద్యానికో కేటాయించడం వివేకం. గొంతు మారడాన్ని గొంతు పోవడంగా పొరబడిన పిల్లలు ఈ మలుపులోనే పాటకు దూరమవుతారు.

సాధన తీవ్రతకు భారతీయ సంగీతంలో ఉదాహరణగా నిలిచిన ఊరు ఛత్తీస్‌గఢ్‌కు పొరుగున, మధ్యప్రదేశ్‌లో ఉన్న మైహర్. అల్లావుద్దీన్ ఖాన్ అక్కడ నడిపిన గురుకులం నుంచి ఆయన కుమారుడు అలీ అక్బర్ ఖాన్, కుమార్తె అన్నపూర్ణాదేవి, రవిశంకర్, నిఖిల్ బెనర్జీ వంటివారు వచ్చారు. బాల్యంలో తాను రోజుకు 18 గంటల దాకా సాధన చేసినట్లు అలీ అక్బర్ ఖాన్ చెప్పుకున్నారు. నలభై రోజులు లోకానికి దూరంగా, గదిలోనే ఉండి చేసే ‘చిల్లా’ అనే కఠోర దీక్ష కూడా హిందుస్తానీ ఘరానాల్లో ఉంది.

అయితే ఈ కథలను ఆదర్శంగా చెప్పేటప్పుడు ఒక విషయం మరుగున పడుతుంది. ఆ శిష్యులు గురువు కంటి ముందు, గురువు ఇంట్లో ఉండేవారు. ఏ తానం ఎంతసేపు వాయించాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించే మనిషి పక్క గదిలోనే ఉండేవాడు. ఆ పర్యవేక్షణను వదిలేసి గంటలను మాత్రమే అనుకరించడం వల్ల ఒరిగేది తక్కువ.

పదివేల గంటల లెక్కలో నిజమెంత?

సాధన గంటలను శాస్త్రీయంగా లెక్కించిన పరిశోధనల్లో ప్రసిద్ధమైనది మనస్తత్వ శాస్త్రవేత్త అండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్ సంగీత విద్యార్థులపై జరిపి 1993లో ప్రచురించిన అధ్యయనం. వయొలిన్ విద్యార్థులను అత్యుత్తములు, ఉత్తములు, సంగీతోపాధ్యాయులు కాగోరేవారు అని మూడు బృందాలుగా విభజించి వారి అభ్యాస చరిత్రను సేకరించారు. 18 ఏళ్లు వచ్చేసరికి అత్యుత్తములు సగటున 7,410 గంటలు, ఉత్తములు 5,301 గంటలు, మూడో బృందం 3,420 గంటలు ఒంటరిగా సాధన చేసినట్లు తేలింది. అధ్యయనం జరిగే నాటికి మొదటి రెండు బృందాలు వారానికి 24 గంటలకు పైగా సాధన చేస్తుండగా, మూడో బృందం సాధన 9 గంటల దరిదాపుల్లో ఉంది.

మాల్కం గ్లాడ్‌వెల్ 2008లో వెలువరించిన పుస్తకంతో ఇదే ‘పదివేల గంటల నియమం’గా లోకానికి తెలిసింది. ఆ వ్యాఖ్యానంతో ఎరిక్సన్ ఏకీభవించలేదు. అది ఇరవయ్యేళ్ల వయసు నాటి సగటు మాత్రమేననీ, దాటగానే ప్రావీణ్యం సిద్ధించే గీత కాదనీ, గంటల కంటే ఆ గంటల్లో ఏం చేశారన్నదే ముఖ్యమనీ ఆయన స్పష్టం చేశారు. బ్రూక్ మెక్‌నమారా బృందం 2014లో అనేక అధ్యయనాలను కలిపి విశ్లేషించగా, సంగీత నైపుణ్యంలో వ్యక్తికీ వ్యక్తికీ మధ్య ఉన్న తేడాలో సుమారు 21 శాతాన్ని మాత్రమే ఇటువంటి సాధనతో వివరించవచ్చని తేలింది. సాధన ప్రధానమే, కానీ అదొక్కటే సర్వస్వం కాదని దీని సారాంశం.

బెర్లిన్ అధ్యయనంలో అంతగా ప్రచారంలోకి రాని మరో అంశం ఉంది. ఉన్నత శ్రేణి విద్యార్థులు ఉదయపు వేళల్లో ఎక్కువగా సాధన చేసేవారు, మధ్యమధ్య విరామం తీసుకునేవారు, మధ్యాహ్నం కునుకు తీసేవారు, మూడో బృందం కంటే ఎక్కువ నిద్రపోయేవారు. వేళ్లు నేర్చిన కొత్త కదలిక నిద్ర తరువాత మరింత వేగంగా, తప్పుల్లేకుండా వస్తుందని ఆ తరువాతి ప్రయోగాలు కూడా నిరూపించాయి. తెల్లవారుజామున లేచి సాధన చేయమన్న మన పెద్దల మాటలో, పెందలాడే పడుకోవాలన్న సగం కూడా ఉందని గుర్తుంచుకోవాలి.

అతిసాధన మిగిల్చే గాయాలు

గంటల మోజులో అందరూ మరిచేది శరీరం. 19వ శతాబ్ది జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ యువకుడిగా ఉండగానే కుడిచేతి వేలు పట్టు కోల్పోయి పియానో వాదకుడు కావాలన్న ఆశను వదులుకున్నారు. అమెరికన్ పియానో విద్వాంసుడు లియన్ ఫ్లీషర్ 1960 దశకం మధ్యలో, కీర్తి శిఖరాన ఉన్నప్పుడు, కుడిచేతి చివరి రెండు వేళ్లు తమంతట తామే ముడుచుకుపోయే స్థితికి లోనయ్యారు. ఫోకల్ డిస్టోనియా అనే ఈ రుగ్మతలో కండరం బలహీనపడదు. పదే పదే జరిగిన సూక్ష్మ కదలికల వల్ల మెదడులో వేళ్లకు చెందిన హద్దులు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఒక వేలిని కదపబోతే మరో వేలు కూడా కదులుతుంది. మరింత సాధన చేసి దీన్ని అధిగమించాలనుకుంటే పరిస్థితి విషమిస్తుంది. ఫ్లీషర్ దశాబ్దాల పాటు ఎడమచేతితో మాత్రమే వాయిస్తూ, బోధిస్తూ, వాద్యబృందాలను నడుపుతూ గడిపారు. 1990 దశకంలో బొటాక్స్ సూదిమందు చికిత్సతో రెండు చేతులా వాయించగలిగే స్థితికి వచ్చారు.

మన వాద్యాల బాధలు మనకున్నాయి. వీణ మీద గమకం కోసం తంత్రిని పక్కకు లాగే చూపుడు, మధ్య వేళ్లకు కోతలు పడి కాయలు కాస్తాయి. మృదంగ వాదకులకు మణికట్టు, భుజం నొప్పులు, నేలమీద గంటల తరబడి కూర్చోవడం వల్ల నడుము నొప్పులు సాధారణం. నాదస్వరం, డోలు వంటి బిగ్గర వాద్యాల సమీపంలో ఏళ్ల తరబడి ఉన్నవారికి వినికిడి దెబ్బతినే ప్రమాదం ఉంది. మొదట్లో కాయ కాయడం సహజం. కానీ మొద్దుబారడం, తిమ్మిరి, వాద్యం దించాక కూడా తగ్గని నొప్పి కనిపిస్తే ఓర్చుకుని కొనసాగించడం సాధన కాదు. ఆ సంగతిని పదిహేనేళ్ల విద్యార్థికి చెప్పవలసిన బాధ్యత గురువుది, తల్లిదండ్రులది.

ఉద్యోగం, సంసారం: తరిగిన వేళలు

పాతికేళ్ల తరువాత సంగీతజ్ఞుల జీవితాల్లో సాధన సమయం తగ్గుతుంది. వృత్తి కళాకారుడికి కచేరీలు, ప్రయాణాలు, పాఠాలు వస్తాయి. ఇతరులకు ఉద్యోగం, పిల్లలు వస్తారు. అప్పుడు ప్రశ్న రూపం మారుతుంది. ఎంతసేపు అన్నది పోయి, ఉన్న అరగంటలో ఏది అన్నది ముందుకొస్తుంది.

దీనికి తెలుగునాట శ్రీపాద పినాకపాణి జీవితాన్ని మించిన ఉదాహరణ అరుదు. 1913లో శ్రీకాకుళం జిల్లా ప్రియ అగ్రహారంలో జన్మించిన ఆయన వృత్తిరీత్యా వైద్యుడు. కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యుడిగా పనిచేశారు. ఆసుపత్రి విధుల నడుమ ఆయన కచేరీల కోసం కాక కీర్తన స్వరూపం కోసం సాధన చేశారు. ఒక్కో సంగతిని, ఒక్కో గమకాన్ని విడదీసి పరిశీలించి స్వరపరిచిన కీర్తనల సంపుటాలే ‘సంగీత సౌరభం’గా వెలువడ్డాయి. నేదునూరి కృష్ణమూర్తి, ఓలేటి వెంకటేశ్వర్లు, నూకల చిన సత్యనారాయణ, మల్లాది సోదరులు వంటి గాయకులు ఆయన వద్ద పాఠం నేర్చుకున్నారు. వృత్తి గాయకుడు కాకుండానే 1983లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదుకు అర్హుడయ్యారు. 2013లో, నూరేళ్లకు కొద్ది నెలల దూరంలో కన్నుమూశారు.

ఆయన జీవితం సూచించే సంగతి ఒకటుంది. బోధన కూడా సాధనలో ఒక రూపమే. శిష్యుడికి ఒక సంగతిని పది రకాలుగా విడమరిచి చెప్పేటప్పుడు గురువుకు అది పదకొండోసారి స్పష్టమవుతుంది. రాయడం కూడా అంతే. కీర్తనను స్వరలిపిలో పెట్టబోతే, మనకు తెలుసని భ్రమపడుతున్న చోట్లన్నీ బయటపడతాయి.

స్త్రీల విషయంలో ఈ దశ మరింత జటిలమైనది. పెళ్లితో ఊరు మారుతుంది, గురువు మారతాడు, సాధనకు గది ఉండదు, ఆ వేళకు వంట ఉంటుంది. వేదిక మీద కనబడకపోవడాన్ని సాధన లేకపోవడంగా లెక్కవేసే అలవాటు కూడా ఉంది. అన్నపూర్ణాదేవి చరిత్ర ఆ లెక్క తప్పని చూపుతుంది. బహిరంగ వేదికలను విడిచి, ముంబయిలోని తన ఇంట్లోనే ఉండి, ఆమె సురబహార్ సాధననూ బోధననూ కొనసాగించారు. వేణువాద్యంలో హరిప్రసాద్ చౌరాసియా వంటి పేరున్న విద్వాంసులు ఆమె వద్దకు వచ్చి శిష్యులయ్యారు. వినేవారి సంఖ్యతో ప్రమేయం లేకుండా సాధన ప్రాణంతో ఉండగలదని ఆమె జీవితం చెబుతుంది.

విరామం తరువాత తిరిగి మొదలుపెట్టేవారికి ఒక ఊరట ఉంది. చిన్ననాట బాగా పాతుకున్న కదలికలు పూర్తిగా చెరిగిపోవు. మొదటి కొన్ని వారాలు వేళ్లు మాట వినవు. ఆ తరువాత నేర్చిన కాలం కంటే చాలా తక్కువ వ్యవధిలో తిరిగి వస్తాయి. పాత వేగాన్ని మొదటి రోజే వెతుక్కోవడం వల్లనే నిరాశ కలుగుతుంది.

వాద్యం చేతిలో లేనప్పుడు

ప్రయాణంలో, కార్యాలయంలో, ఆసుపత్రి పడక మీద కూడా చేయగలిగిన సాధన ఒకటుంది. అది మనసులో చేసేది. నాడీ శాస్త్రవేత్త ఆల్వారో పాస్కువల్ లియోన్ బృందం 1995లో ప్రచురించిన ప్రయోగంలో, పియానో రానివారికి ఐదు వేళ్ల చిన్న పాఠం నేర్పి, కొందరిని రోజుకు రెండు గంటల చొప్పున ఐదు రోజులు వాయించమన్నారు. మరికొందరిని మెట్ల ముందు కూర్చుని వేళ్లు కదపకుండా ఊహించుకోమన్నారు. ఊహించుకున్నవారి మెదడులో కూడా వేళ్లకు చెందిన భాగం, వాయించినవారి మెదడులో మాదిరిగానే విస్తరించింది. నైపుణ్యంలో వారు కొంత వెనుకబడినా, ఒక్క పూట వాద్యం చేతికిస్తే చాలావరకు అందుకున్నారు.

కర్ణాటక సంగీతంలో ఇది కొత్త సంగతి కాదు. నడుస్తూ వేళ్ల మీద తాళం లెక్కించుకోవడం, రాగాన్ని గొంతెత్తకుండా మనసులో ఆలాపించడం, కల్పన స్వరాల ముక్తాయింపును పడుకునే ముందు లెక్క కట్టుకోవడం మన విద్వాంసుల నిత్యకృత్యాలు. నడివయసులో గంటలు తగ్గినా సంగీతం తగ్గకపోవడానికి ఇదొక కారణం.

పేరు వచ్చాక మళ్లీ శిష్యరికం

నలభై దాటాక ఎదురయ్యే ప్రమాదం వేరు. చేతికి అన్నీ అలవాటైపోతాయి, అలవాటే సంగీతమైపోతుంది. వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ వాయించడం పైకి సాధనలా కనిపించినా, అది ఉన్నచోట నిలబడటమే. ఎరిక్సన్ తన పరిశోధనలో అభ్యాసాన్ని, కేవల వాదనను వేరు చేసి చూపింది ఇందుకే. రానిదాన్ని ఎంచుకొని, దానిపై ధ్యాస నిలిపి, తప్పును సరిచేసుకుంటూ పోయేదే ఆయన దృష్టిలో సాధన.

ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా దీనికి చక్కని నిదర్శనం. నాదస్వర విద్వాంసుల వంశంలో పుట్టి, చిలకలూరిపేటకు చెందిన షేక్ ఆదం సాహెబ్ వద్ద నేర్చి, ఆంధ్రదేశంలో పేరు తెచ్చుకున్నాక కూడా ఆయన తంజావూరు బాణీ మీద మక్కువతో తమిళనాడు వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల వద్ద శిష్యరికం చేశారు. శ్రీరంగంలో స్థిరపడి, అక్కడి సంప్రదాయానికే ప్రతినిధిగా నిలిచారు. 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. ఊపిరి, వేళ్లు, గమకం వేసే తీరు అన్నీ ఒక బాణీకి అలవాటుపడిన తరువాత మరో బాణీ నేర్వడం కొత్తగా నేర్వడం కంటే కష్టం. ముందు వచ్చినదాన్ని కొంత మరవాలి, మళ్లీ నిదానంగా మొదలుపెట్టాలి, శిష్యుడిగా కింద కూర్చోవాలి.

నేదునూరి కృష్ణమూర్తి మార్గం కూడా గమనింపదగినదే. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో గాత్రం, వయొలిన్ నేర్చిన ఆయన, తరువాత పినాకపాణి వద్ద తన గానశైలిని తీర్చిదిద్దుకున్నారు. ఆపై జీవితంలో అన్నమాచార్య సంకీర్తనలకు స్వరరచన చేయడం ఆయన సాధనకు మరో దిశ అయింది. నడివయసు దాటిన సంగీతజ్ఞుల అభ్యాసం వేగం నుంచి భావం వైపు, పాఠం నుంచి రచన వైపు మళ్లడం తరచుగా కనిపించేదే.

వార్ధక్యం: తక్కువ కృతులు, ఎక్కువ శ్రద్ధ

అరవై దాటాక శరీరం కొన్ని షరతులు విధిస్తుంది. నాదతంత్రులు పలచబడి, వాటి సాగుడు గుణం తగ్గుతుంది. ఊపిరి పొడవు తగ్గుతుంది. సాధారణంగా స్త్రీల గొంతు కిందికి దిగుతుంది, పురుషుల గొంతు కొంత పైకి జరుగుతుంది. వేళ్ల కీళ్లు బిగుస్తాయి, హెచ్చు స్థాయి ధ్వనులు చెవికి ఆనవు. గాయకులు శ్రుతిని అరకట్ట, కట్ట తగ్గించుకోవడం ఇందువల్లనే. అది ఓటమి కాదు, గొంతుకు తగిన ఆసనం వెతుక్కోవడం.

అయితే క్షీణత అందరిలో ఒకే తీరున ఉండదు. రాల్ఫ్ క్రాంపె, ఎరిక్సన్ 1996లో ప్రచురించిన అధ్యయనంలో యువ, వృద్ధ పియానో వాదకులను వృత్తి నిపుణులు, ఔత్సాహికులు అనే తేడాతో పరిశీలించారు. సంగీతంతో సంబంధం లేని సాధారణ పరీక్షల్లో వృద్ధ నిపుణులు కూడా తమ వయసువారి మాదిరిగానే నెమ్మదించారు. కానీ పియానోకు సంబంధించిన వేళ్ల నైపుణ్యంలో వారి వెనుకబాటు చాలా స్వల్పం. జీవితపు ఉత్తరార్ధంలో ఎవరు ఎంత సాధన కొనసాగించారన్న దాన్నిబట్టే ఆ నైపుణ్యం నిలిచింది. యౌవనంలో చేసిన సాధన వడ్డీ మీద వార్ధక్యం గడవదని, ప్రతిరోజూ కొంత జమ చేస్తూనే ఉండాలని దీని అర్థం.

ఆ కొంత ఎలా ఉండాలన్న దానికి ఆర్థర్ రూబిన్‌స్టీన్ ఉదాహరణను వార్ధక్య మనస్తత్వ నిపుణుడు పాల్ బాల్టెస్ తరచుగా పేర్కొనేవారు. 89 ఏళ్ల దాకా పియానో కచేరీలు చేసిన రూబిన్‌స్టీన్ మూడు పనులు చేశారట. వాయించే రచనల సంఖ్య తగ్గించారు. ఎంచుకున్న కొద్దివాటిని మునుపటికంటే ఎక్కువగా సాధన చేశారు. వేగం అవసరమైన చోట, దానికి ముందున్న భాగాన్ని ఇంకాస్త నిదానంగా వాయించి, తరువాత వచ్చేది వేగంగా వినిపించేలా చేశారు. మన సంప్రదాయంలో పెద్ద విద్వాంసులు చివరి దశలో రాగాలాపనను విస్తరించి, దురిత కాల స్వరకల్పనను కుదించడం ఇటువంటిదే. విళంబ కాలంలో గమకానికి, విరామానికి చోటు ఎక్కువ. అనుభవం పలికేది అక్కడే.

సెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్ 96 ఏళ్లు జీవించారు. ఎనభై ఏళ్ల పాటు ప్రతి ఉదయాన్నీ పియానో మీద బాఖ్ రచనలతో ప్రారంభించినట్లు తన ఆత్మకథలో చెప్పుకున్నారు. తన వాద్యం కాని వాద్యంతో, సభ కోసం కాని సంగీతంతో రోజు మొదలుపెట్టడం ఆయనకు ఇంటికి దీవెన వంటి నిత్యవిధి. రవిశంకర్ 2012 నవంబరులో, 92 ఏళ్ల వయసులో, ప్రాణవాయువు సాయంతో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో చివరి కచేరీ చేశారు. తెలుగు వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామి తొంభయ్యో పడిలో పద్మశ్రీ (2021) స్వీకరించారు. ఆయన కూడా బాలమురళీకృష్ణ మాదిరిగానే పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యులు.

ఏ వయసుకు ఏది?

ఈ జీవితాలనూ, పరిశోధనలనూ కలిపి చూస్తే కొన్ని సూత్రాలు తేలుతాయి. పదేళ్లలోపు పిల్లలకు తక్కువసేపు, రోజూ, ఎవరో ఒకరు పక్కన ఉండి చేయించే అభ్యాసం కావాలి. వారు వాయించే దానికంటే వినేది ఎక్కువగా ఉండాలి. కౌమారంలో గంటలు పెరగవచ్చు, కానీ విరామం, నిద్ర, నొప్పి పట్ల జాగ్రత్త వాటితో పాటే పెరగాలి. గొంతు మారే కాలంలో ఓపిక పట్టాలి. ఉద్యోగ, సంసార దశలో ఉన్న అరగంటను వచ్చిన కీర్తనలు వల్లె వేయడానికి కాక, రాని ఒక్క సంగతికి వెచ్చించాలి. మిగతాది మనసులో సాగించాలి. పేరు వచ్చాక మళ్లీ ఎవరి దగ్గరైనా కూర్చుని నేర్వడానికి సిద్ధపడాలి. వార్ధక్యంలో కృతులు తగ్గించి, శ్రుతి తగ్గించి, శ్రద్ధ తగ్గించకుండా కొనసాగాలి.

అన్ని దశల్లోనూ మారనిది కూడా ఒకటుంది. కసాల్స్ బాఖ్‌ను వాయించినా, హిందుస్తానీ గాయకుడు తెల్లవారుజామున మంద్ర షడ్జమం పట్టినా, కర్ణాటక విద్వాంసుడు తంబురా ముందు అకార సాధన చేసినా, రోజును మొదలుపెట్టేది ఎప్పుడో నేర్చిన తొలి పాఠాలతోనే. సరళీ స్వరాలు పిల్లల పాఠమన్న భావన మనకు ఉంది. ఎనభై ఏళ్ల విద్వాంసుడు వాటిని నిదానంగా, ఒక్కో స్వరం శ్రుతిలో కలిసేదాకా ఆగి పలికినప్పుడు అవి మరో పాఠమవుతాయి. స్వరాలు అవే అయినా వాటిని వినే చెవి ఏడు దశాబ్దాల ఎడంలో పండింది.

అందువల్ల పిల్లవాడు ఎన్ని గంటలు సాధన చేస్తున్నాడని అడిగే తల్లిదండ్రులు, ఈ వారం వాడికి ఏది కొత్తగా వినబడిందని కూడా అడగడం మంచిది. యాభయ్యో ఏట వీణ మీది గుడ్డ తొలగించాలనుకునే గృహిణి, తాను పాతికేళ్ల నాటి వేగంతో వాయించగలనా అన్న ప్రశ్నను పక్కన పెట్టవచ్చు. ఆ వయసుకు తగిన సాధన వేరే ఉంది, దానికి రోజుకు అరగంటతో మొదలుపెట్టవచ్చు.